ఇంటి బీమా: ఇల్లాండ్రు ఎరుగవలసిన సంగతులు

కౌటిల్యుని యర్థశాస్త్రమునందు నగరపాలకుని విధులను చెప్పు ప్రకరణమొకటి కలదు. వేసవిలో పట్టపగలు ఇండ్లలో నిప్పు రాజేయరాదనియు, ప్రతి గృహస్థుడును నీళ్ళకుండలు, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెము, తోలుతిత్తి మున్నగువానిని సిద్ధముగ నుంచుకొనవలెననియు, అంటుకొనిన యింటిని కాపాడుటకు పరుగెత్తిరాని యజమానునకు 12 పణములు, అద్దెకున్నవానికి 6 పణములు దండుగయనియు అందు వ్రాయబడియున్నది. మేము చిన్ననాడు తండ్రిగారికడ దీనిని చదువుకొనునపుడు, నిప్పును గూర్చి యింత శ్రద్ధ వహించిన శాస్త్రకర్త కాలిన యిల్లు తిరిగి లేచుటెట్లో ఆ పట్టున చెప్పడేమని యడిగితిమి. "అది బంధువుల పనియమ్మా" యని తండ్రిగారు నవ్విరి.

ఒకనాటికి అది నిజమే. ఇల్లు కాలినవారికి ఊరివారు తాటాకు తెచ్చి వేసెడివారు. పుట్టింటివారు బియ్యము, పాత్రలు పంపెడివారు. కాని 2024 సెప్టెంబరు మొదటివారమున బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు మున్నగు పేటలను ముంచినపుడు ఎవరికెవరు సాయపడగలిగిరి? చెల్లెలి నాదుకొనవలసిన యన్నగారి యిల్లును అదే నీటిలో నున్నది. ప్రభుత్వమువారు నేలయంతస్తు మునిగిన కుటుంబమునకు 25,000 రూపాయలును, పై యంతస్తువారికి 10,000 రూపాయలును సాయము ప్రకటించిరి. ఆ కష్టకాలమున నది యూరటయే; కాదనరాదు. కాని మంచములు, పరుపులు, సంవత్సరమునకు సరిపడు బియ్యము, రిఫ్రిజిరేటరు, దుస్తుల యంత్రము, పిల్లల పుస్తకములు, ఇవన్నియు నాలుగు దినములు బురదనీట నానిన పిదప, 25 వేలతో సంసారము మరల కుదురుకొనునా యన్నది మన యాడువారికి ఒకరు చెప్పనక్కరలేదు.

అందుచేత ఈ మాసము ఇంటి బీమాను గూర్చి వ్రాయుచున్నాము. ప్రాణబీమాయు, ఆరోగ్యబీమాయు, బండ్ల బీమాయు మన యిండ్లలో వినబడుచునే యున్నవి. ఇంటికి బీమా యనగా మాత్రము "అది మేడలవారికి గాని మనకేల" అందురు. సామాన్యమైన యింటికి దాని సాలుసరి చందా ఒక మంచి పండుగచీర వెలకు మించదు. మేడ గలవాడు పోయిన దానిని మరల కొనుక్కొనగలడు. మనబోటివారికే అది యెక్కువ యవసరము.

బీమా దానము కాదు. చీటీపాట వలె తిరిగి చేతికి వచ్చు సొమ్మును కాదు. వేలకొలది గృహస్థులు తలా కొంత ఒక పెట్టెలో వేయగా, ఆ సంవత్సరము ఎవరి యింటిపై ఆపద పడినదో వారికి అందుండి తీసి యిచ్చుట. ఆపద రానివారి సొమ్ము వారికి తిరిగి రాదు. ఇది వ్రాతమూలకమైన యొడంబడిక గాన, వ్రాతలో నున్నది న్యాయముగ రావలెను. వ్రాతలో లేనిది ఎంత యేడ్చినను రాదు. కనుకనే ఆ కాగితమును చదువుకొనవలెనని మేము మరల మరల చెప్పుట.

మా యెరుకలోని యొక సోదరి బ్యాంకు ఋణముతో ఇల్లు కట్టుకొన్నది. ఋణము మంజూరగునపుడు "ఇన్సూరెన్సు గూడ అయినది" యని చెప్పి దాని సొమ్మును ఋణములోనే కలిపిరి. దంపతులు ఏడేండ్లు నిశ్చింతగ నుండిరి. వరదనీరు తీసిన మూడవనాడు కాగితముల సంచి విప్పి చూడగా, అది ఇంటికి చేసిన బీమా కాదు. ఋణము తీసికొనిన యామె భర్త ప్రాణమునకు చేసిన బీమా. ఆయన దైవకృపచే క్షేమముగ నున్నాడు గాన అందుండి రావలసినదేమియు లేదు. అట్టి బీమాయు మంచిదే, యజమానుడు పోయినచో ఋణభారము కుటుంబముపై పడకుండును. కాని అది కూలిన గోడను లేపదు. "నాకు తెలుగు రాదా, ఇంగ్లీషు రాదా? ఏడేండ్లలో ఒక్కమారైన ఆ కాగితము తీసి చూచితినా వదినా?" యని యామె మాతో ననినపుడు మాకు సమాధానము తోచలేదు. ఆమె డిగ్రీ చదివినది; కాగితములు మగవారి బీరువాలో నుండుటయే ఆ యింటి యాచారము.

ఇంటిమీద ఋణమున్న సోదరీమణులు ఈ పుట ముగించిన వెంటనే ఆ పాలసీ తీసి చూడవలెను. బీమా ప్రాణమునకా, కట్టడమునకా? ఎవరి పేరిట? ఎంత మొత్తమునకు? ఏ తేదీవరకు? ఇంతకు మించి మొదటి దినమున చూడనక్కరలేదు. మరియొక మాట. ఇంటికి బీమా చేయుడని బ్యాంకువారు కోరుట సరియే. కాని తాము చూపిన కంపెనీయందే చేయవలెనని నిర్బంధించుట నిబంధనలకు విరుద్ధము.

ఇక ఇంటి బీమాలో నేమేమి యుండును? పూర్వము ఈ పాలసీలు న్యాయవాదులకు గాని బోధపడని భాషలో, కంపెనీ కొక తీరుగ నుండెడివి. మన దేశమున బీమా వ్యాపారము నదుపుచేయు ప్రాధికారసంస్థ, దాని ప్రధాన కార్యాలయము మన హైదరాబాదుననే కలదు, 2021 ఏప్రిల్ 1 నుండి "భారత్ గృహ రక్ష" యను నొకే తీరు పాలసీని నిర్ణయించి, నివాసగృహములకు ఇట్టి బీమా చేయు కంపెనీలన్నియు దానిని తప్పక ఇవ్వవలెనని శాసించెను. అగ్నిప్రమాదము, పిడుగు, ప్రేలుడు, భూకంపము, తుపాను, వరద, కొండచరియ విరిగిపడుట, చెట్టో వాహనమో వచ్చి యింటిని కొట్టుట, అల్లరులు, ఉగ్రవాదము, నీళ్ళ ట్యాంకు, గొట్టములు పగిలి యిల్లు పాడగుట, ఇవన్నియు అందు చేరియున్నవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును ఊపినపుడు ఎందరి ప్రహరీగోడలు పడినవో ఆ ప్రాంతపు చదువరులు మరచియుండరు. ప్రహరీ, గేటు, మిద్దెమీది సౌరఫలకములు, నీళ్ళ తొట్టి గూడ ఈ పాలసీలో ఇంటిలోని భాగములే.

ఇల్లాండ్రు ముఖ్యముగ గమనింపవలసిన దొకటి కలదు. కట్టడముతోపాటు సామానులకును బీమా తీసికొనినచో, కట్టడపు మొత్తములో నూటికి 20 వంతున, 10 లక్షలకు మించకుండ, ఇంటి సామానులకు రక్షణ కలుగును. ఒక్కొక్క వస్తువును పేరు పేరున ముందుగ వ్రాసి యీయనక్కరలేదు. అంతకు మించి సామానులున్నవారు మాత్రము వివరము లిచ్చి అధిక మొత్తమునకు చేయించుకొనవలెను.

మొత్తము నిర్ణయించుటలో పలువురు తికమకపడుదురు. ఇల్లు అమ్మిన వచ్చు ధరకు బీమా చేయించుట పొరపాటు. భూమి కాలదు, వరదలో కొట్టుకొనిపోదు. దాని వెలకు చందా కట్టుట వ్యర్థము. ఇంటిలోపలి వైశాల్యమును నేడు అదే యిల్లు కట్టుటకు చదరపుటడుగు కగు ఖర్చుతో హెచ్చవేయవలెను. ఉదాహరణమునకు 1,000 చదరపుటడుగుల యిల్లు, అడుగునకు 2,000 రూపాయల ఖర్చనుకొన్నచో కట్టడమునకు 20 లక్షలు. సామానులకు అందు ఐదవవంతు 4 లక్షలు. స్థలముతో కలిపి యా యిల్లు 80 లక్షలు పలుకవచ్చును. ఆ 80కిని బీమాకును సంబంధము లేదు.

పూర్వపు పద్ధతిలో నింకొక ముల్లుండెడిది. 20 లక్షల యింటికి పొదుపని తలచి 10 లక్షలకే బీమా చేసినవారికి, 4 లక్షల నష్టము వచ్చినపుడు "మీరు సగమునకే చేసితిరి గాన సగమే" యని 2 లక్షలిచ్చి పంపెడివారు. గృహ రక్షలో నీ కోత తీసివేయబడెను. అట్లని తక్కువ మొత్తము వ్రాయించుట తెలివి కాదు. ఇల్లంతయు పోయిననాడు వ్రాసిన మొత్తమునకు మించి యెవరు నీయరు.

రానివాటిని గూర్చి గూడ చెప్పవలెను. ఏజెంట్లు ఈ భాగము వచ్చుసరికి గొంతు తగ్గింతురు. ఇంటిలోని నగదు రాదు. దస్తావేజులు, పత్రములు రావు. వాహనములకు వాని బీమా వానికే వేరుగ నుండవలెను. బంగారు నగలు, వెండి సామానులు, వెలగల చిత్రములు సామాన్య సామానులలో చేరవు. వానికి ప్రత్యేకముగ కోరి, వెల నిర్ణయించి, అదనపు చందా కట్టవలెను. మన యిండ్లలో సామానులన్నిటి వెలయు ఒక యెత్తు, ఆ యొక్క చిన్నపెట్టె ఒక యెత్తుగదా! దానిని విడిచి మంచములకు, కుర్చీలకు మాత్రమే బీమా చేసి "అన్నిటికిని చేసితిమి" అనుకొనువారే యెక్కువ.

దొంగతనమును గూర్చి మరింత జాగ్రత్త వలయును. గృహ రక్షలో దొంగతనము చేరియున్నదని యేజెంటు చెప్పుట అబద్ధము గాదు. కాని యది అగ్ని, వరదవంటి ఆపద జరిగిన 7 దినములలోపల, ఆ యాపద కారణముగ జరిగిన దొంగతనమునకే. వేసవిసెలవులకు ఊరికి పోయినపుడు తాళము పగులగొట్టి దోచుకొనిపోవుదురే, దానికి వేరుగ బీమా తీసికొనవలెను.

చెదలు, చెమ్మ, పాతబడుట, కొత్త గోడలు కుదురుకొనుటలో పడు పగుళ్ళు, మేస్త్రి చేసిన నాసిపని, ఇవి బీమాకు లోబడవు. భూమి క్రుంగుటవలని నష్టమునకు రక్షణ యున్నను, సముద్రముగాని నది గాని ఒడ్డును కోసికొనిపోవుటవలన నగు నష్టము అందుండి మినహాయింపబడినది. తూర్పుతీరమున ఉప్పాడ ప్రాంతమున సముద్రము ఇండ్లను మింగుచుండుట యెల్లరెరిగినదే. అట్టిచోట్ల నివసించు సోదరీమణులు పాలసీ పుచ్చుకొనకముందే తుపాను వలని నష్టము, ఒడ్డుకోత వలని నష్టము అను నీ రెంటి భేదమును కంపెనీవారిచే వ్రాతమూలకముగ చెప్పించుకొనవలెను.

ఇప్పటి నిబంధనలచే పాలసీతోపాటు దాని సారమంతయు తేలికమాటలలో నున్న సంగ్రహపత్రమొకటి కంపెనీవారు ఈయవలెను. నలువది పుటల పాలసీ చదువుటకు పొయ్యిమీద ఎసరు ఊరకుండదు గాని, ఆ పత్రము చదువుట కొక పూట చాలును.

ఇక ఆపద వచ్చినపుడు చేయవలసిన పనులు. మా మిత్రురా లొక యుపాధ్యాయుని భార్య. వారిది నేలయంతస్తు, అదే వరదలో నాలుగడుగుల నీరు నిలిచినది. వారికి గృహ బీమా కలదు. ఆమె చేసిన మొదటి పని, బురద కడుగకముందే ప్రతిగదిని, గోడమీది నీటిగీతను, తడిసిన ప్రతి వస్తువును ఫోనుతో ఫోటో తీసి, ఆనాడే కంపెనీకి తెలుపుట. మనకు స్వభావసిద్ధముగ చీపురు ముందు చేతికి వచ్చును. పాడైన పరుపు కంపు కొట్టుచుండగ ఇంటిముందు నుంచుకొనుట కష్టమే. కాని సర్వేయరు చూడకమునుపు పారవేసిన వస్తువు లెక్కలోనికి వచ్చుట దుర్లభము. నష్టము పెరుగకుండ జాగ్రత్తపడవలెను గాని, మరమ్మతులు, పారవేయుటలు ఆయన చూచిన పిదపనే.

సర్వేయరు వచ్చి జాబితా చూచి, "బిల్లులేవి?" యని యడిగెను. బిల్లులు ట్రంకుపెట్టెలో నానిపోయినవి. తరువాత కంపెనీనుండి జాబు వచ్చెను. ఆమె యడిగినదానిలో మూడవవంతు గూడ లేదు. బిల్లులు లేనివి కొట్టివేసితిమని కారణము. ఆమె భర్తగారు సాత్వికుడు. "ఇచ్చినది పుచ్చుకొని సంతకము చేయుదము, ఆఫీసుల చుట్టు నెవరు తిరిగెదరు" అనెను. ఆ సంతకము కొరకు వచ్చిన రసీదులో "పూర్తిగ ముట్టినది" యని యుండెను. ఆమె సంతకము చేయనీయలేదు.

ఇచ్చట నిబంధన తెలిసియుండుటయే ఆమెకు బలమైనది. 2024 జూనులో ప్రాధికారసంస్థ వెలువరించిన యుత్తరువులో, పత్రములు లేవను నెపమున క్లెయిము త్రోసివేయరాదనియు, అవసరమైన పత్రములు బీమా చేయునపుడే యడుగవలెననియు కలదు. నష్టము తెలిపిన 24 గంటలలో సర్వేయరును నియమింపవలెను. ఆయన 15 దినములలో నివేదిక నీయవలెను. అది చేరిన 7 దినములలో కంపెనీ తన నిర్ణయము చెప్పవలెను. "పూర్తిగ ముట్టిన" దని సంతకము చేసినవారికి గూడ, తక్కువ ఇచ్చిరని తోచినచో పైకి పోవు హక్కు పోదని 2015లోనే ఆ సంస్థ కంపెనీలకు తెలియజేసెను. అయినను చేయకుండుటయే మేలు.

బిల్లులకు మారుగ ఆమె యేమి చూపినదనుకొనిరి? కూతురి పెండ్లి ఫోటోలు! అవి దూరపు బంధువుల ఫోనులలో క్షేమముగ నుండెను. పెండ్లికూతురి వెనుక బీరువా, తాంబూలములిచ్చు చోట రిఫ్రిజిరేటరు, మామగారు కూర్చున్న సోఫా, అన్నియు అందు కనబడుచున్నవి. వానితో జాబితా కట్టి, కంపెనీలో ఫిర్యాదులు చూచు నధికారికి వ్రాతమూలకముగ పంపెను. నెల దినములు గడచినను బదులు లేదు. అప్పుడు బీమా అంబుడ్స్‌మన్‌గారికి వ్రాసెను.

ఈ యంబుడ్స్‌మన్ పదవిని గూర్చి మన చదువరులలో పదుగురి కైన తెలియునో లేదో. బీమా కంపెనీకిని, చందా కట్టినవారికిని నడుమ వచ్చు తగవులను తీర్చుటకే ఏర్పడిన పెద్దమనిషి యాయన. ఆంధ్రప్రదేశము, తెలంగాణము, యానాములకు సంబంధించిన కార్యాలయము హైదరాబాదునందున్నది. ముందుగ కంపెనీకి ఫిర్యాదు చేసియుండవలెను. వారు నిరాకరించినను, తృప్తికరముగ బదులీయకున్నను, నెల దినములు మిన్నకున్నను ఈయనకు వ్రాయవచ్చును. ఏడాదిలోపల వ్రాయవలెను. రుసుము లేదు. వకీలు నుంచుకొనుటకు వీలులేదు, అది మన పాలిటి వరమే. కంపెనీవారి ప్లీడరునకు జంకవలసిన పని లేదు. 2023నుండి 50 లక్షలవరకు తీర్పు చెప్పు నధికారము కలదు. కావలసిన కాగితములన్నియు చేరిన మూడు నెలలలో తీర్పు చెప్పవలెను. దానిని కంపెనీ 30 దినములలో చెల్లింపవలెను. మా మిత్రురాలు తెల్లకాగితముపై, మన పత్రికకు జాబు వ్రాసినట్లు, జరిగినది జరిగినట్లు వ్రాసెను. అడిగినదంతయు రాలేదు; మొదట ఇచ్చెదమన్నదానికి రెట్టింపునకు పైగ వచ్చినది. ఆ సొమ్ముతో నామె మొదట కొన్నది నేలకు రెండడుగుల యెత్తున నిలుచు ఇనుప బల్ల. ఇప్పుడు వారి బియ్యపు డబ్బా దానిమీద నుండును.

అంబుడ్స్‌మన్‌కడ పని కాకున్న వినియోగదారుల కమిషను కలదు. 1986నాటి చట్టమునకు బదులుగ 2019లో చేసిన చట్టము 2020 జూలై 20న అమలులోనికి వచ్చినది. దానివలన స్త్రీలకు కలిగిన గొప్ప మేలు, కంపెనీ ఏ పట్టణమున నున్నను మనము నివసించు జిల్లాలోనే దావా వేయవచ్చుననుట. కట్టిన చందా 5 లక్షలలోపున్నచో రుసుము లేదు, ఇంటి బీమా చందా ఆ దరిదాపులకైన పోదు. రెండేండ్లలోపల వేయవలెను. ఒకే తగవును అక్కడను ఇక్కడను ఒకేమారు నడుపరాదు గాన, మొదట అంబుడ్స్‌మన్ మార్గమే చూచుట సులువు.

ఇంతవరకు చెప్పినదానిలో ఇల్లాలు ఈ దినమే చేయదగిన పని యొకటి కలదు. గదికొక పుట చొప్పున సామానుల జాబితా వ్రాయుట. ఏ వస్తువు, ఏ సంవత్సరమున, ఇంచుమించు ఎంతకు కొన్నది, అంతియే. మన మగవారిని వంటగదిలో నేమున్నవో వ్రాయుమన్నచో "గిన్నెలు" అని యొక్కమాట వ్రాసెదరు. ఆ జాబితాను, గదుల ఫోటోలను, పాలసీ మొదటిపుటను వేరే యూరిలోని చెల్లెలికో, కుమార్తెకో ఫోనులో పంపి యుంచవలెను. ఇంటిలోనే దాచిన జాబితా ఇంటితోనే మునుగును.

గత మాసము వచ్చిన జాబులలో ఒక సోదరి తాము అద్దెయింట నున్నవారమనియు, తమకు బీమాతో పని యున్నదాయనియు నడిగినది. ఉన్నది. కట్టడము యజమానునిది, సామానులు మీవి. సామానులకు మాత్రమే పాలసీ తీసికొనవచ్చును. మేమును అద్దెయింటివారమే గాన అట్లే తీసికొంటిమి. అంతస్తుల భవనములో నొక వాటా గల మరియొక సోదరి, "మా సంఘమువారు భవనమంతటికిని బీమా చేసిరి, నాకు వేరుగ వలయునా" యని వ్రాసినది. సంఘమువారి పాలసీ నకలు అడిగి పుచ్చుకొనుడు. అందు మెట్లు, లిఫ్టు మున్నగు ఉమ్మడి భాగములు మాత్రమే యున్నవో, మీ వాటా గోడలు గూడ నున్నవో చూడుడు. మీ సామానులు అందు చేరియుండుట యరుదు.

నగలను బ్యాంకు లాకరులో నుంచినచో బీమా యక్కరలేదా యని ముగ్గురు సోదరీమణు లడిగిరి. ఆ సంగతి పెద్దది. వచ్చు మాసమున వ్రాసెదము.